పులిపురుగు చూపు

నలభై రెండేళ్ల ఆడమనిషి దోమతెర గుడ్డతో కుట్టిన వల పట్టుకుని మంజీర ఇసుకలో పరుగులు తీస్తుంటే చూసేవాళ్లకు నవ్వు రాక ఏమొస్తుంది? గొర్రెలు కాసే ఒక పెద్దాయన రోజూ ఆగి, "ఇయ్యాలన్న దొరికిందా మేడం?" అని అడిగి మరీ వెళ్లేవాడు. దొరికేది కాదు. నేను పరుగెత్తేది పులిపురుగు వెంట. చిటికెన వేలి గోరంత ఉంటుంది. ఆకుపచ్చ వీపు, దాని మీద మీగడ రంగు చుక్కలు, సన్నటి పొడుగు కాళ్లు. ముఖంలో సగం కళ్లే, మిగతా సగం కత్తెర లాంటి దవడలు. ఒళ్లెంతో చూసి పరుగెంతో లెక్క కడితే చిరుతపులి కూడా దాని ముందు దిగదుడుపే.

నా పేరు కట్టోజు వినోద. పురుగుల చూపు మీద పరిశోధన నా ఉద్యోగం. మా ల్యాబ్ ఏటి ఒడ్డున ఒకప్పటి సిమెంటు గోదాములో ఉంది. పైన రేకులు, లోపల లక్షల విలువ చేసే మైక్రోస్కోపులు, వాటి మీద బల్లులు.

ఆ రోజు మా అన్న వీరాచారి ఒడ్డున ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అన్న ఆడపిల్లల హైస్కూల్లో పీఈటీ, ఖో ఖో కోచ్. రెటీనా మెల్లమెల్లగా చచ్చిపోయే జబ్బు వచ్చి ఆరేళ్ల కిందట చూపు పూర్తిగా పోయింది. అయినా ఉద్యోగం వదల్లేదు. పాదాల చప్పుడు విని, "నాలుగో గడిల పోరీ, మడమ మీద కూసున్నవ్, ముని వేళ్ల మీద కూసో" అని చెప్పేవాడు. ఆయనకు చూపు పోయేనాటికి కూతురు ఇందుజకు తొమ్మిదేళ్లు. ఇప్పుడు పదో తరగతి. అన్న దగ్గర మాత్రం ఇంకా ఆ తొమ్మిదేళ్ల ముఖమే ఉంది. నేనూ, మా ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు ఫయాజ్ మూడేళ్లుగా చేస్తున్న పనంతా ఆ ముఖాన్ని కొత్తది చేయడానికే. ప్రాజెక్టు కాగితాల్లో ఇంకేవో పెద్ద మాటలు రాశాం, అది వేరే సంగతి.

మేం చేసినవి ఒక జత కళ్లద్దాలు. ముక్కు మీద చిన్న కెమెరా. కంటి వెనక నరం మీద ఆపరేషన్ చేసి అమర్చిన సగ్గుబియ్యం గింజంత పలక. కెమెరా చూసింది పలకకు చెబుతుంది, పలక నరానికి చెబుతుంది. చెప్పడం వరకు బాగానే ఉంది. కుర్చీలో కూర్చుంటే అన్నకు వెలుగూ నీడా లీలగా తెలిసేవి. లేచి ఒక్క అడుగు వేస్తే అన్నీ కలిసిపోయేవి. "గటకల పడ్డట్టున్నదే" అని, చిక్కటి జొన్నజావలో మునిగినవాడిలా మళ్లీ కూర్చునేవాడు.

"చెల్లే, ఏందే ఆ ఉరుకుడు?" ఒడ్డు మీది నుంచి అన్న కేకేశాడు. "ఉరుకుతవు, ఆగుతవు. మల్ల ఉరుకుతవు, మల్ల ఆగుతవు. దమ్ము సాలుతలేదా?"

"దమ్ము కాదన్నా. అది ఆగుతున్నది, అందుకె నేను ఆగుతున్న."

"అదెందుకు ఆగుతది?"

"ఉరుకుతుంటె దానికి కండ్లు కనవడయ్. అంత జోరు. ఏ వస్తువైనా దాని కంట్ల వెలుగు వడెటంత సేపు నిలవడదు. అందుకె ఆగి, చూసుకోని, మల్ల ఉరుకుతది."

అన్న స్టూలు మీద కొంచెం ముందుకు జరిగాడు.

"ఉరికెటప్పుడు చూపు పోతది. ఆగంగనే మల్లొస్తది. అంతేనా?"

"అంతే."

"మరి పోయినప్పుడు దానికి భయం గాదా?"

"మీసాలుంటయన్నా. రెండు మీసాలు ముందటికి కట్టెల లెక్క చాపి ఉరుకుతది. ఏదన్న అడ్డమొస్తె వాటికి తగులుతది."

అన్న నవ్వాడు. "పురుగుకున్న తెలివి మీకు లేకపాయె. ఉరికెటప్పుడు సుత నాకు చూపియ్యాలని ఎందుకు సస్తున్నరే మీరిద్దరు? ఆగినప్పుడు చూపియ్యుండ్రి. సాలు."

నా చేతిలోంచి వల జారిపోయింది. చెప్పులు ఎక్కడ విడిచానో కూడా చూసుకోకుండా ల్యాబుకు పరుగెత్తాను. మిట్టమధ్యాహ్నం ఇసుక కాలిపోతోంది. ఆ వేడికి పులిపురుగులు కాళ్లు నిక్కపొడుచుకుని పొట్ట నేలకు తగలకుండా నిలబడతాయి. నేనూ మునివేళ్ల మీద అలాగే గెంతుకుంటూ వెళ్లి తలుపు తోశాను.

"ఫయాజ్! ఉరికెటప్పుడు బొమ్మ బంద్ పెట్టు!"

ఫయాజ్ చేతిలో టీ గ్లాసు ఉంది. నేను చెప్పిందంతా విన్నాడు. విని, గ్లాసు కింద పెట్టి రెండు చేతులతో నెత్తి కొట్టుకున్నాడు.

"అరె యార్ అక్కా, మూడేండ్లు! మూడేండ్లు ఆ గటకను వడగట్టుకుంట కూసున్నం కదా మనం!"

నలభై రోజులు మేం మనుషుల్లా బతకలేదు. నడుముకు కట్టుకునే బెల్టు ఒకటి ఫయాజ్ చేశాడు. అడుగు కదలగానే అది బొమ్మను ఆపేస్తుంది, అడుగు ఆగగానే కళ్లద్దాలు అర సెకను వెలుగు పోగేసి ఒక్కో బొమ్మను పంపుతాయి. కళ్లద్దాల రెండు కొసల నుంచి సైకిలు పుల్లలంత సన్నటి స్టీలు తీగలు ముందుకు పెట్టాం. వాటికి ఏదైనా తగిలితే అటు వైపు కణత జిల్లుమంటుంది. వాటికి మేం మీసాలనే పేరు పెట్టుకున్నాం. ఇంకో చిక్కు వచ్చింది. అన్న నరం బలహీనమైంది, ఉన్నదంతా ఒకేసారి మోయలేదు. దానికీ నేను పులిపురుగునే అడిగాను. ఆగినప్పుడు అది ఏం చూస్తుంది? కదిలేదాన్ని చూస్తుంది. రాయినీ గడ్డినీ పట్టించుకోదు, చీమ నడిస్తే పట్టేస్తుంది. మేమూ కదిలేదాన్ని మాత్రమే నరానికి పంపేలా చేశాం. కదలనివాటి సంగతి తర్వాత చూసుకుందాం అనుకున్నాం. ఆ 'తర్వాత' ఎంత పెద్దదో అప్పటికి తెలియదు.

ఒక్కటే షరతు పెట్టాను. ఆగి చూసేటప్పుడు తల ఆడకూడదు. తల తిరిగితే లోకమంతా కదిలినట్టే లెక్క, మొత్తం తెల్లగా పొంగిపోతుంది. అన్నకు అది షరతే కాదు. ఇరవై ఏళ్లు పిల్లలకు సావధాన్ నేర్పిన మెడ అది. ఆగమంటే రాయి పాతినట్టు ఆగుతుంది.

మొదటి పరీక్ష ఏటి ఇసుకలోనే పెట్టాం. ఇందు స్కూలు యూనిఫాంలోనే వచ్చింది. రెండు జడలు, కాళ్లకు కాన్వాసు బూట్లు, నోట్లో సగం తిన్న జామకాయ.

"ఉరుకు" అన్నాను.

ఉరికింది. అన్న సావధాన్‌లో నిలబడ్డాడు. కళ్లద్దాల మీసాలు ఎండకు మెరుస్తున్నాయి. ఐదు సెకన్లు, పది సెకన్లు. ఫయాజ్ గోళ్లు కొరుక్కుంటున్నాడు.

"జడలు రెండేసుకున్నది" అన్నాడు అన్న.

నేను ఫయాజ్ చెయ్యి పట్టుకుని ఊపేశాను.

"ఓ చెల్లే, పొడుగైందే! నా బిడ్డ నా భుజం దాక వచ్చిందే! కుడి చెయ్యి జెర ఎక్కువ ఊపుతున్నది, గట్ల ఊపొద్దు బిడ్డా, జోరు తగ్గుతది! దగ్గరికి రా, ఉరుక్కుంట రా! ముఖం... ఓలమ్మో, ముక్కు వాళ్ల నాయినమ్మది!"

ఇందు ఏడుస్తూనే పరుగెత్తింది, నవ్వుతూనే పరుగెత్తింది. తండ్రి చుట్టూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్క లేదు. గొర్రెల పెద్దాయన కర్రను నేలకేసి కొట్టి కేకలు పెట్టాడు, ఏం జరిగిందో ఆయనకేమీ తెలియకపోయినా. ఫయాజ్ నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. ఆ రోజు నేను ఆకాశంలో ఉన్నాను, దాచిపెట్టుకోవాల్సిన పనేముంది. చివరికి ఇందు అలసిపోయి తండ్రి కాళ్ల దగ్గర కూలబడింది.

"ఇందు యాడికి పోయింది?" అని అడిగాడు అన్న.

మేమంతా నవ్వాం. ఇందు కూడా నవ్వింది. చెయ్యి ఊపింది. "ఈడనే ఉన్న నాయినా!"

నెల తిరిగేసరికి ఆ నవ్వు ఆ ఇంట్లో మిగల్లేదు.

ఒక ఆదివారం పొద్దున నేను వాళ్లింటికి వెళ్లేసరికి వదిన పుష్పలీల కుట్టు మిషను తొక్కుతోంది. అన్న ఎదురుగా కుర్చీలో నిటారుగా కూర్చుని ఆమెనే చూస్తున్నాడు. నన్ను చూసి వదిన కాళ్లు ఆపింది. అన్న ముఖంలో వెలుగు ఆరిపోయింది.

"పోయినవా పుష్పా?"

"ఆఁ, పోయిన" అంది వదిన. నా వైపు తిరిగి, "చూసినవా వినోదా, మీ అన్నకు నేను పని జేస్తెనే కనవడ్తనట. ఒక్క నిమిషం కూసున్ననంటె లేను. అద్దాలు లేనప్పుడు సుత గంతేనాయె!" అని నవ్వించబోయింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది.

లోపలి గదిలో ఇందు సైన్సు చదువుకుంటోంది. చదువుతూ తల అటూ ఇటూ ఊపుతోంది. ఊపుతూనే పేజీ తిప్పింది. అన్న గుమ్మం దగ్గర నిలబడి ఉండటం అప్పుడు చూశాను.

"తల నొస్తలేదా?" అని అడిగాను.

"అలవాటైంది అత్తా. పండుకున్నప్పుడు కాలు ఊపుత. గప్పుడప్పుడు నాయిన లేపుతడు, కాలు ఆగిందని."

అద్దాలు రాకముందు ఆ ఇంట్లో సాయంత్రాలు ఎలా ఉండేవో నాకు తెలుసు. ఇందు పాఠం పైకి చదివేది, అన్న ఆమె నెత్తి మీద చెయ్యి వేసి వినేవాడు. ఆ చేతికి ఆమె జుట్టు పెరిగిందీ తెలిసేది, జ్వరమొచ్చిందీ తెలిసేది. ఇప్పుడా చేతులు గుమ్మం పట్టుకుని ఉన్నాయి. చూపు వచ్చాక చేతులతో పనేముందనుకున్నాడేమో.

ఇందు తల ఆగింది. అలసిపోయిందో, పాఠంలో మునిగిపోయిందో.

"కదులు బిడ్డా" అన్నాడు అన్న.

"నాయినా, చదువుకుంటున్న."

"జెరంత కదులు. చూసి వారం దినాలైనట్టున్నది."

"పొద్దుగాల గ్రౌండ్ల చూడలేదా?"

"గది గ్రౌండు. ఇది ఇల్లు. కదులు బిడ్డా!"

పుస్తకం గోడకు తగిలి కింద పడింది. ఇందు లేచి నిలబడింది. "కూసుంటె నీ బిడ్డను కానా నాయినా? ఉరికెటప్పుడే నీ బిడ్డనా? ఆరేండ్లు చెయ్యి పెట్టి చూసినవ్ గదా, గప్పుడు నేను లేనా?"

అరిచి, అరిచిన చోటే ఒక్క కదలిక కూడా లేకుండా నిలబడింది. కావాలనే. అన్న ఆమెకు జానెడు దూరంలో ఉన్నాడు. ఖాళీ గదిలోకి చూస్తున్నట్టు చూశాడు.

మర్నాడు స్కూలు అయ్యాక ఇందు నా దగ్గరికి ఏటి ఒడ్డుకు వచ్చింది. నేను పిల్లపురుగుల బొరియలకు గుర్తులు పెడుతున్నాను. పులిపురుగు పిల్ల తల్లిలా ఉండదు. తెల్లటి పురుగు, ఇసుకలో పెన్సిలు గుచ్చినట్టు నిలువుగా బొరియ చేసుకుని అందులో ఉంటుంది. తన చదునైన తలనే బొరియకు మూతగా పెట్టి, వీపు మీది కొక్కేలతో గోడను పట్టుకుని కూర్చుంటుంది. పక్కనుంచి చీమ వెళ్తే మెరుపులా వెనక్కి వంగి పట్టేస్తుంది. మళ్లీ మూత.

ఇందు బోర్లా పడుకుని చాలాసేపు ఒక బొరియనే చూసింది.

"ఎన్ని దినాలు గిట్లనే కూసుంటది అత్తా?"

"ఏడాది. ఒక్కోసారి రెండేండ్లు."

"ఊకెనే కూసుంటదా?"

"ఊకెనే."

"మరి వాళ్ల నాయినకు కనవడ్తదా?"

"కనవడది. పులిపురుగులు పిల్లల్ని చూసుకోవు ఇందూ. గుడ్డు పెట్టి పోతయ్. వాటికి తిండి కనవడితె సాలు."

"మరి గా చూపు తీస్కపోయి మా నాయినకెందుకు పెట్టిన్రు?"

ఆ పిల్ల కోపంగా అనలేదు. మామూలుగా అడిగింది. అందుకే ఎక్కువ తగిలింది. మనిషికి ఊరికే కూర్చున్న మనిషి కూడా కనపడాలి. నా పేరు ముందు డాక్టర్ అని ఉంది, పురుగుల చూపు గురించి పద్దెనిమిది పేపర్లు రాశాను, ఈ చిన్న ముక్క నాకు తట్టలేదు.

ఫయాజ్‌కు చెప్పాను. కదలనివాటిని కూడా పంపేలా మార్చి చూశాడు. నరం తట్టుకోలేదు, గటక మళ్లీ వచ్చింది. మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లు పాత పద్ధతికే వచ్చాం. "అక్కా, అయితె గది, లేకపోతె గిది. రెండూ గావు" అన్నాడు. కూతురు తనతో మాట్లాడటం మానేసిందని అన్న ఒకసారి చెప్పాడు.

జిల్లా ఖో ఖో ఫైనల్ సంగారెడ్డిలో. సాయంత్రం నాలుగు గంటలు, ఎండ పసుపు రంగులోకి తిరిగింది. మైదానం రెండు కొసలా పోల్ అనే కర్ర స్తంభాలు, చుట్టూ సున్నపు గీతలు, తాళ్లు, తాళ్ల అవతల బడి పిల్లల గోల. మా స్కూలు వాళ్లు తరిమే వంతు. ఎనిమిది మంది వరసగా గడుల్లో గొంతుక్కూర్చున్నారు, ఒకరు ఇటు తిరిగి, ఒకరు అటు తిరిగి. తొమ్మిదో అమ్మాయి తరుముతుంది. ఒకసారి ఒక దిక్కుకు అడుగేస్తే వెనక్కి తిరగకూడదు. కూర్చున్నవాళ్ల వీపు తట్టి 'ఖో' అంటే వాళ్లు లేచి తరమాలి.

అన్న, నేను, ఫయాజ్ తాడు దగ్గర నిలబడ్డాం. అన్న సావధాన్‌లో ఉన్నాడు.

"ఇందు ఏ గడిల కూసున్నది?"

"ఏడో గడి. పోల్‌కు దగ్గర."

అన్న అటు చూశాడు. "ఆడ నాకేం లేదు" అన్నాడు. "ఎనిమిది మంది ఉన్నరంటవు. నాకు ఒక్క పోరి ఉరుకుతున్నది, అంతే. తప్పు నాదేనే చెల్లే. బిడ్డను బొంగరం చేసిన."

ఆట జోరెక్కింది. అవతలి జట్టులో ఎర్ర రిబ్బను కట్టుకున్న ఒక పొడుగమ్మాయి ఉంది. చేప పిల్లలా జారిపోతోంది. ఇంకో నిమిషమే ఉంది. ఆమె ఒక్కతె ఔటైతే కప్పు మాది. ఎర్ర రిబ్బను ఆరో గడి దాటి పోల్ వైపు తిరిగింది. తరిమే అమ్మాయి అందుకోలేక ఇందు వీపు మీద చరిచింది.

"ఖో!"

"లేచింది!" అన్న తాడును రెండు చేతులా పట్టుకున్నాడు. "లేచింది నా బిడ్డ! పో బిడ్డా, పో! చెయ్యి ఊపుతలేదు చూసినవా చెల్లే, నేను చెప్పినట్టే ఉరుకుతున్నది!"

నాలుగు అంగల్లో ఇందు పోల్ దగ్గరికి వెళ్లింది. ఎర్ర రిబ్బను పోల్ చుట్టూ తిరగబోయింది. ఇందు ఒంటి చేత్తో పోల్‌ను పట్టుకుని గాల్లోకి దూకింది. ఒళ్లంతా చాపి, వేళ్లు చాపి. వేలి కొస ఆ అమ్మాయి మడమకు తగిలిందో లేదో నేను చూడలేదు. ఇందు నేల మీద పడిన చప్పుడు మాత్రం విన్నాను. దుమ్ము లేచింది. పిల్ల లేవలేదు.

"యాడికి పోయింది?" అన్నాడు అన్న. ఈసారి ఎవరూ నవ్వలేదు. "చెల్లే, ఇందు యాడికి పోయింది?"

అంపైర్లు పరుగెత్తారు, పిల్లలు పరుగెత్తారు. అన్నకు కనపడేవన్నీ అవే, పరుగెత్తే కాళ్లు. వాటి మధ్య కదలని తన బిడ్డ లేదు. నేను ఆయన చెయ్యి పట్టుకోబోయేలోగా తాడు కిందుగా దూరిపోయాడు.

ఆరేళ్ల తర్వాత మా అన్న పరుగెత్తాడు.

తల ముందుకు, మీసాలు ముందుకు. అడుగు పడగానే బొమ్మ ఆరిపోతుంది, మేం చేసిన బెల్టే కదా. గుడ్డి చీకట్లోకి ఏడంగలు వేశాడు. ఆగాడు. చూశాడు. కాళ్ల గుంపుకు ఎడమ పక్కన సందు. మళ్లీ పరుగు. ఎవరో పిల్ల భుజం కుడి మీసానికి తగిలింది, పక్కకు తిప్పుకున్నాడు. ఆగాడు, చూశాడు, పరుగెత్తాడు. కూతురు చివరిసారి ఎక్కడ కనపడిందో ఆ చోటుకే సూటిగా వెళ్తున్నాడు. ఎడమ మీసం పోల్‌కు తగిలి టంగుమంది, చప్పున ఒంగి దాన్ని తప్పించుకున్నాడు. నేను వెనకే పరుగెత్తుతున్నాను. ఇరవై ఏళ్లుగా ఇసుకలో నేను తరుముతున్న పరుగు అది. ఇప్పుడు మా అన్న కాళ్లలో ఉంది.

పోల్ అవతల మోకాళ్ల మీద కూలబడ్డాడు. నలభై ఆరేళ్ల ఒళ్లు, ఆరేళ్లుగా అలవాటు తప్పిన పరుగు. ఊపిరి కొలిమి తిత్తిలా కొట్టుకుంటోంది. భుజాలు, మెడ, తల అన్నీ వణుకుతున్నాయి. ఏడుస్తున్నాడు కూడా.

ఇందు వెల్లకిలా పడి ఉంది, కళ్లు తెరిచే ఉంది. మడమ వాచిపోతోంది. గాలి ఆడక మాట రావడం లేదు. తండ్రి వచ్చాడని చూసి, కనపడాలని, నొప్పితోనే చెయ్యి పైకెత్తి ఊపబోయింది. నేను చూశాను. వారం రోజులుగా మాట్లాడని పిల్ల.

అన్న ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాడు.

"ఊకుండు బిడ్డా. కదలకు."

"నాయినా... ఈడున్న..."

"కనవడ్తున్నవ్."

ఇందు కదలడం లేదు. దుమ్ములో వెల్లకిలా, ఒక్క వేలు కూడా కదలకుండా ఉంది.

"అన్నా, ఏం కనవడ్తున్నది?"

"ముఖం. నుదుటి మీద మట్టున్నది. కన్నీళ్లు చెవుల దాక కారినయ్." నమ్మకం కలగక కాబోలు, అన్న ఇంకా బాగా చూడాలని అలవాటు కొద్దీ మెడ నిలబెట్టాడు. ఊపిరి బిగబట్టాడు. సావధాన్.

"పోయింది!" అని అరిచాడు. "చెల్లే, మల్ల పోయింది!"

బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా బయటికి తన్నుకొచ్చింది. తల వణికింది.

"వచ్చింది."

నాకు అర్థమైంది. దేవుడా, నాకు అర్థమైంది! తల తిరిగితే లోకం పొంగిపోతుందని తలను కట్టేయించింది నేనే. రాయిలా ఆగడం వచ్చిన మనిషి దొరికాడు కదా అని మురిసిపోయిందీ నేనే. తిరగాల్సిన పని లేదు, వణికితే చాలు. ఆవగింజంత వణుకు. అప్పుడు కదలనిది కూడా కొంచెం కదిలినట్టవుతుంది, దాని అంచులు నరానికి అందుతాయి. నరం ఆ కాస్తను మోయగలదు. నా పులిపురుగు ఎప్పుడూ వణకదు, దానికి ఏడవాల్సిన అవసరం రాలేదు.

"మెడ వదిలెయ్ అన్నా!" మైదానం మధ్యలో వెర్రిదానిలా అరిచాను. "సావధాన్ వద్దు! దమ్ము ఆపకు! ఏడువు, ఇంక ఏడువు!"

అంపైరు నన్ను విచిత్రంగా చూశాడు. ఫయాజ్ మాత్రం నా ముఖం చూడగానే పట్టేశాడు. తన జేబులోంచి ఫోను తీసి, దాన్ని వణికించి, అలా పట్టుకుని నాకు చూపించాడు. ఇద్దరం చిన్నపిల్లల్లా గెంతాం. పక్కన గాయపడిన పిల్ల ఉందన్న ధ్యాస కూడా లేకపోయింది, ఆ తర్వాత వదిన నన్ను దానికి బాగానే తిట్టింది.

అన్నకు మా గోల పట్టలేదు. కూతురి పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, బొటనవేలితో మెల్లగా నొక్కి చూశాడు. చూస్తూ నొక్కాడు, నొక్కుతూ చూశాడు.

"ఇరగలేదు బిడ్డా. బెణికింది, అంతే."

ఎర్ర రిబ్బను అమ్మాయి ఔటైందని, కప్పు మాదేనని ఆసుపత్రికి వెళ్లే ఆటోలో తెలిసింది.

ఫయాజ్ పాత ఫోనొకటి విప్పి అందులోని వణికే మోటారును కళ్లద్దాల కాడకు బిగించాడు. బియ్యపు గింజ కన్నా కొంచెం పెద్దది. పని చేసింది. కానీ అంత తేలిగ్గా అన్నీ దక్కవు. వణుకు మొదలైతే పది నిమిషాల్లో అన్నకు కడుపులో తిప్పుతుంది. అంతకు మించితే నరం అలసిపోతుందని, ఉన్నదీ పోతుందని డాక్టరు గట్టిగా చెప్పారు. రోజుకు పదే నిమిషాలు. మిగతా రోజంతా పులిపురుగు చూపే. అన్న దానికి సరేనన్నాడు. అద్దాలు తీసేశాక ఇందు పాఠం చదువుతుంటే నెత్తి మీద చెయ్యి వేసి వింటున్నాడు, మునుపటి లాగానే.

మొదటి రోజు నేనే గడియారం పట్టుకున్నాను. సాయంత్రం, వాకిట్లో. వదిన మెట్టు మీద కూర్చుని చేతులు ఒడిలో పెట్టుకుంది. కుట్టు మిషను లోపలే ఉంది, దాని జోలికి పోలేదు. ఇందు కట్టు కట్టిన కాలును పీట మీద చాపి, సైన్సు పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. అన్న మోటారు నొక్కాడు. సన్నటి జుమ్మనే చప్పుడు.

అన్న ముందు వదినను చూశాడు. వదిన కొంగు సర్దుకోబోయి ఆగిపోయింది. "గట్ల చూడకయ్యా, సిగ్గయితది" అంది. తర్వాత ఇందు వైపు తిరిగాడు. తిరిగి అలాగే ఉండిపోయాడు.

"పది నిమిషాలైనయ్ అన్నా. తియ్యి."

"ఒక్క నిమిషం చెల్లే. ఇంకొక్క నిమిషం."

ఇందు పుస్తకంలోంచి తల ఎత్తలేదు. కాలు కూడా ఊపలేదు.